కొత్త పదం అర్థాన్ని సందర్భంలో పట్టుకోవడం ఎలా? ‘ఉపేక్ష’ ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

‘తప్పు చేసినవారు ఎంతటివారైనా ఉపేక్షించేది లేదు’ అని పేపర్లో చదువుతాం. ఆరోగ్యం పేజీలో ‘ఈ లక్షణాలను ఉపేక్షించకండి’ అని ఉంటుంది. ధ్యానం గురించిన వ్యాసంలో ‘సాధకుడు ఉపేక్షను అలవరచుకోవాలి’ అని కనిపిస్తుంది. మొదటి వాక్యాన్ని ‘వదిలిపెట్టం’ అని అర్థం చేసుకుంటాం. రెండోదాన్ని ‘నిర్లక్ష్యం చేయకండి’ అని సరిపెట్టుకుంటాం. మూడోదాని దగ్గర ఆ రెండు అర్థాలూ పనికిరావు. నిర్లక్ష్యాన్ని అలవరచుకోమని ఎవరూ చెప్పరు కదా.

‘ఒకే పదానికి మూడు అర్థాలు కాబోలు’ అనుకుని చాలామంది అక్కడితో ఆగిపోతారు. అది తొందరపాటు. పదం లోపల ఒక పని ఉంటుంది. ఆ పని ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, దేని విషయంలో చేశారు అన్నదాన్ని బట్టి అది ఒకచోట తప్పుగా, ఇంకోచోట గొప్ప గుణంగా కనిపిస్తుంది. ఆ లోపలి పని దొరికితే మూడు వాక్యాలూ ఒకేసారి అర్థమవుతాయి. రేపు ఆ పదాన్ని మీరే ధైర్యంగా వాడగలుగుతారు కూడా. దాన్ని ఎలా వెతకాలో ‘ఉపేక్ష’ను చివరిదాకా వెంటబెట్టుకుని చెబుతాను. పద్ధతి మాత్రం ఏ పదానికైనా ఇదే.

పదానికి అర్థం ఎలా తెలుస్తుందన్న ప్రశ్న మన దగ్గర చాలా పాతది. న్యాయశాస్త్రం (చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రం) చదివేవాళ్లు ఒక శ్లోకం చెబుతారు: ‘శక్తిగ్రహం వ్యాకరణోపమాన కోశాప్తవాక్యాద్ వ్యవహారతశ్చ, వాక్యస్య శేషాద్ వివృతేర్వదంతి సాన్నిధ్యతః సిద్ధపదస్య వృద్ధాః’. పదం అర్థం తెలుసుకోవడానికి ఇందులో ఎనిమిది దారులు చెప్పారు. వ్యాకరణం, పోలిక, నిఘంటువు, నమ్మదగిన మనిషి మాట, జనం వాడుక, వాక్యంలో మిగతా భాగం, వివరణ, పక్కనే ఉన్న తెలిసిన పదం. వీటిలో నిఘంటువు ఒక్కటి మాత్రమే. మనం సాధారణంగా ఆ ఒక్కదానితోనే పని కానిచ్చేస్తాం, మిగతా ఏడింటినీ వదిలేస్తాం. కింద చెప్పే మెట్లన్నీ ఈ ఎనిమిది దారుల్లోంచి వచ్చినవే.

మొదటి మెట్టు: నిఘంటువు తెరవకముందు ఊహించండి

కొత్త పదం కనబడగానే ఫోన్ తీసి అర్థం వెతకాలనిపిస్తుంది. కాసేపు ఆగండి. ఆ వాక్యాన్ని, దానికి ముందు వెనక వాక్యాలను ఇంకోసారి చదవండి. ఈ రెండు వాక్యాలు చూడండి:

‘గోడలో పగులు కనిపించినా ఇంటివాళ్లు ఉపేక్షించారు. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ ఒరిగిపోయింది.’

పదం తెలియకపోయినా ఇక్కడ చాలా సమాచారం ఉంది. ‘కనిపించినా’ అన్న మాట రెండు సంగతులు చెబుతోంది. ఒకటి, పగులు వాళ్ల కంటపడింది. రెండు, కంటపడ్డాక చేయాల్సిన పని ఏదో జరగలేదు. ‘-ఇనా’ అని ముగిసే క్రియ వచ్చిందంటే తర్వాత సహజంగా జరగాల్సింది జరగలేదని అర్థం. రెండో వాక్యం ఫలితం చెప్పింది. ఈ మూడూ కలిపితే, ‘చూశారు, చూసి కూడా ఏమీ చేయలేదు’ అన్న ఊహ వస్తుంది. ఆ ఊహను మీ మాటల్లో పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి. తర్వాత నిఘంటువు చూసినప్పుడు మీ ఊహకూ దానికీ తేడా ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. గుర్తుండిపోయేది ఎక్కువగా ఆ తేడానే.

ఊహించేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ పని ఎవరు చేశారు? దేన్ని చేశారు? తర్వాత ఏమైంది?

అయితే ప్రతి సందర్భమూ సాయపడదు. ‘ఆయన ఉపేక్షించాడు’ అని మాత్రమే ఉంటే ఊహకు ఆధారమే లేదు. కొన్ని సందర్భాలు తప్పుదారి కూడా పట్టిస్తాయి. ‘అధికారులు అక్రమాలను ఉపేక్షించారు’ అన్న వాక్యాన్ని ఒంటరిగా చదివితే ‘బయటపెట్టారు’ అన్న అర్థం కూడా అందులో చక్కగా ఇమిడిపోతుంది. అందుకే ఒక్క వాక్యంతో వచ్చిన ఊహను ఊహగానే ఉంచండి.

ఇంకో సంగతి. పేజీలో తెలియని పదాలు మరీ ఎక్కువైతే ఊహ నడవదు. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల మీద హు, నేషన్ అనే ఇద్దరు 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎవరి సాయమూ లేకుండా కథ బాగా అర్థం కావాలంటే అందులో దాదాపు 98 శాతం పదాలు ముందే తెలిసి ఉండాలని అందులో తేలింది. అంటే యాభై పదాలకు ఒకటి మాత్రమే తెలియనిది అన్నమాట. తెలుగుకు ఇదే లెక్క అచ్చంగా వర్తిస్తుందని అనను. తెలుగులో ఒక్క పదానికే ఎన్నో ప్రత్యయాలు అతుక్కుంటాయి, లెక్క వేరుగా ఉండొచ్చు. కానీ దాని వెనక ఉన్న విషయం నిజం. ప్రబంధం ముందేసుకుని ప్రతి పాదంలో నాలుగు పదాలు ఊహించే కన్నా, వ్యాఖ్యానం ఉన్న పుస్తకంతో మొదలుపెట్టడం మేలు.

రెండో మెట్టు: పక్కన ఎవరున్నారో చూడండి

భర్తృహరి వాక్యపదీయం అనే వ్యాకరణ గ్రంథంలో ఒక పదానికి అనేక అర్థాలున్నప్పుడు ఏది తీసుకోవాలో నిర్ణయించే ఆధారాల జాబితా ఇచ్చాడు. అందులో మొదటివి సంసర్గం, విప్రయోగం, సాహచర్యం, విరోధం. పేర్లు బరువుగా ఉన్నా విషయం తేలిక. ‘హరి’ అంటే విష్ణువు, సింహం, కోతి, ఇంకా చాలా అర్థాలున్నాయి. ‘శంఖచక్రాలు ధరించిన హరి’ అనగానే విష్ణువు తప్ప ఇంకెవరూ కారు. అది సంసర్గం. ‘రామలక్ష్మణులు’ అంటే రాముడు దశరథుడి కొడుకే, ఎందుకంటే పక్కన లక్ష్మణుడున్నాడు. అది సాహచర్యం. ‘రామార్జునులు’ అని శత్రుత్వం చెప్పేచోట వస్తే ఆ రాముడు పరశురాముడు, ఆ అర్జునుడు కార్తవీర్యార్జునుడు. పేరు అదే, పక్కనున్నవాణ్ణి బట్టి మనిషే మారిపోయాడు.

‘ఉపేక్ష’ పక్కన ఏ పదాలు వస్తున్నాయో ఇదే కంటితో చూడండి. వ్యాధిని, హెచ్చరికను, అక్రమాన్ని, తప్పును, శత్రువును ఉపేక్షించడం అని వింటాం. ‘పాటను ఉపేక్షించాడు’ అనం, ‘పూలను ఉపేక్షించింది’ అనం. కారణం ఏమిటి? పైన చెప్పినవన్నీ వదిలేస్తే పెరిగేవి. రుణశేషం, వ్రణశేషం, శత్రుశేషం ఉంచకూడదన్న నీతి మనకు తెలిసిందే. కొంచెం మిగిలినా మళ్లీ పెరుగుతాయి కాబట్టే ఆ మాట పుట్టింది. ఉపేక్షించడం అన్న క్రియ సరిగ్గా అలాంటి వాటినే వెతుక్కుంటుంది. ఈ సంగతి ఏ నిఘంటువూ మనకు నేరుగా చెప్పదు. పక్క పదాలను గమనిస్తేనే తెలుస్తుంది.

మూడో మెట్టు: పదాన్ని అసలు రూపానికి తీసుకురండి

తెలుగులో నిఘంటువు చూడటానికే కొంత వ్యాకరణం కావాలి. ‘ఉపేక్షించరాదని’ అని వెతికితే ఏమీ దొరకదు. ప్రత్యయాలన్నీ విప్పి ‘ఉపేక్షించు’కో, ‘ఉపేక్ష’కో రావాలి. ఇక్కడ చాలామందికి ఎదురయ్యే చిక్కులు ఇవి.

పాత నిఘంటువుల్లో ‘నిర్లక్ష్యం’ ఉండదు, ‘నిర్లక్ష్యము’ ఉంటుంది. సున్నాతో ముగిసే పదం దొరక్కపోతే ‘ము’ చేర్చి చూడండి. ‘గుర్రం’ కోసం ‘గుఱ్ఱము’ దగ్గరికి, ‘ఏనుగు’ కోసం అరసున్నతో ఉన్న ‘ఏనుఁగు’ దగ్గరికి వెళ్లాల్సి రావచ్చు.

సమాసాల్లో మొదటి అక్షరం మారిపోతుంది. ‘అన్నదమ్ములు’లో రెండో భాగం ‘దమ్ములు’ కాదు, ‘తమ్ములు’. ‘తల్లిదండ్రులు’లో ఉన్నది ‘తండ్రులు’. క, చ, ట, త, ప అనే అక్షరాలు గ, స, డ, ద, వలుగా మారతాయన్న ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే పద్యాల్లో ‘ఈ పదమే లేదు’ అనిపించే సగం చోట్ల దారి దొరుకుతుంది.

సంధి అచ్చును దాచేస్తుంది. ‘లాభాపేక్ష లేకుండా’ అన్న మాటలో ఉన్నది ‘అపేక్ష’నా, ‘ఆపేక్ష’నా? చూస్తే తెలియదు. లాభ, అపేక్ష కలిసినా, లాభ, ఆపేక్ష కలిసినా రూపం ఒకటే. అర్థం మాత్రం చాలా వేరు. అపేక్ష అంటే కోరిక. ఆపేక్ష అంటే మనం ఇళ్లలో వాడే ప్రేమ, ఆప్యాయత. ‘ఎంతో ఆపేక్షగా పలకరించింది’ అంటాం కదా. లాభం మీద కోరిక లేకుండా అన్నదే సరైన అర్థం కాబట్టి అది ‘అపేక్ష’. ఇక్కడ వ్యాకరణం దారులు చూపింది, సందర్భం ఒకదాన్ని ఎంచింది.

నాలుగో మెట్టు: విడదీయండి, కానీ విడదీసినదాన్నే నమ్ముకోకండి

‘ఉపేక్ష’ను విడదీస్తే ఉప, ఈక్ష అని వస్తుంది. ఈక్ష అంటే చూడటం. ఇది తెలిసిన క్షణం నుంచి ఒక పెద్ద కుటుంబమే మన ముందుకు వస్తుంది. చుట్టూ తిప్పి చూస్తే పరీక్ష. అన్నిటినీ కలిపి చక్కగా చూస్తే సమీక్ష. ఎదురుచూస్తే నిరీక్షణ, ప్రతీక్ష. చూసేవాడు ప్రేక్షకుడు, వీక్షకుడు. మరొకదాని మీద చూపు పెట్టుకుంటే అపేక్ష. మరొకదాన్ని బట్టి ఉండేది సాపేక్షం. ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతంలో ఉన్నది ఈ అపేక్షే. ఒక్క ధాతువు పట్టుకుంటే పది పదాలు ఒకదానితో ఒకటి చుట్టాలని తెలిసిపోవడం నాకు ఎప్పుడూ ఆనందమే.

‘ఉప’ అంటే దగ్గర. దగ్గరగా చూడటం నుంచి, చూస్తూ పక్కకు పోనివ్వడం దాకా ఈ పదం వచ్చింది. ఇక్కడ మనకు కావాల్సిన గట్టి ఆధారం దొరికింది. ఉపేక్షలో చూపు ఉంది. తెలియకపోవడం ఉపేక్ష కాదు. అచ్చ తెలుగులో దీనికి సరిజోడు మాట ఎప్పటినుంచో ఉంది: ‘చూస్తూ ఊరుకోవడం’. చూపూ ఉంది, ఊరుకోవడమూ ఉంది.

ఇప్పుడు హెచ్చరిక. పదాన్ని విడదీస్తే అది ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది, ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ‘ఉప’ను ఉపనది, ఉపశీర్షికల్లోలా ‘చిన్న’ అనుకుంటే ఉపేక్ష ‘చిన్నచూపు’ అయిపోతుంది. అది తప్పు. ‘నిర్లక్ష్యం’ను లక్ష్యం లేకపోవడం అని విడదీసి, జీవితంలో గమ్యం లేనివాడికి వాడేవాళ్లున్నారు. ఆ లక్ష్యం గమ్యం కాదు. ‘ఎంత చెప్పినా లక్ష్యపెట్టలేదు’ అంటామే, ఆ లక్ష్యం. ఇక సంస్కృతంలో ఒక అర్థంతో ఉండి తెలుగులో వేరే అర్థానికి మారిన పదాలైతే లెక్కలేనన్ని. ‘అభ్యంతరం’ సంస్కృతంలో లోపలి భాగం, తెలుగులో ఆక్షేపణ. ‘శిక్ష’ అక్కడ నేర్పడం, ఇక్కడ దండన. ఆ పాత అర్థం ‘శిక్షణ’లో మాత్రం మిగిలింది. ‘అనుమానం’ తర్కశాస్త్ర పుస్తకంలో వస్తే పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకోవడం. అదే పదం మామూలు సంభాషణలో వస్తే సందేహం. పుస్తకం ఏ శాస్త్రానిదో చూడకుండా అర్థం చెప్పేస్తే మొత్తం పేరా తిరగబడుతుంది.

ఐదో మెట్టు: ఇప్పుడు నిఘంటువు తెరవండి

ఒక్క నిఘంటువుతో ఆగకండి. తెలుగులో ఒక్కోదానికి ఒక్కో బలం ఉంది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. కావ్యభాషకు అది ఇప్పటికీ గట్టి ఆధారం. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చింది. పదాన్ని కవులు ఎలా వాడారో ప్రయోగాలతో చూపడం దాని బలం. 1850లలో వచ్చిన బ్రౌన్ నిఘంటువు అర్థాలను ఇంగ్లిష్‌లో చెబుతుంది. అప్పటి వాడుక మాటలకు చోటివ్వడం దానిలోని మేలు. వృత్తుల్లో వాడే మాటలు కావాలంటే ఇవేవీ సరిపోవు. దానికి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మొదలైన మాండలిక వృత్తిపదకోశం చూడాలి. వ్యవసాయ పదాలతో దాని తొలి సంపుటం 1962లో వచ్చింది. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో చాలా నిఘంటువులను ఒకేసారి వెతకవచ్చు, ఇది మనకు దొరికిన గొప్ప సౌకర్యం.

పదం పక్కనుండే పొడి అక్షరాలను దాటేయకండి. ‘వి.’ అంటే విశేష్యం (నామవాచకం), ‘విణ.’ అంటే విశేషణం, ‘క్రి.’ అంటే క్రియ, ‘సం.’ అంటే సంస్కృతం, ‘దే.’ అంటే దేశ్యం (సంస్కృతం నుంచి రాని తెలుగు మాట). ఇవి పదం వాక్యంలో ఎక్కడ కూర్చుంటుందో చెబుతాయి.

‘ఉపేక్ష’ కోసం వెతికితే అశ్రద్ధ, అలక్ష్యం లాంటి ఒక్కమాట అర్థాలు కనిపిస్తాయి. ఆ అర్థాలు తప్పు కావు. కానీ నిఘంటువు చెప్పేది దగ్గరి పదాన్నే, సమానమైన పదాన్ని కాదు. రెండు పదాలు అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తే భాష రెండింటినీ ఇంతకాలం మోయదు. కాబట్టి అసలు పని ఇప్పుడే మొదలవుతుంది.

ఆరో మెట్టు: వాడుకను పోగుచేయండి

పదం వచ్చిన వాక్యాలు కనీసం పది, వేర్వేరు చోట్ల నుంచి తీసుకోండి. వార్తలు, ఆరోగ్య వ్యాసాలు, కథలు, ఉపన్యాసాలు, ఇలా. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఒక్క రూపమే టైప్ చేస్తే సరిపోదు. ‘ఉపేక్షించేది’, ‘ఉపేక్షిస్తే’, ‘ఉపేక్షించరాదు’, ‘ఉపేక్ష వహించ’ అని విడివిడిగా వెతకాలి. ‘స్తే’ రూపంలో ‘ంచు’ మాయమవుతుంది కాబట్టి ఒకదానితో రెండోది రాదు.

పోగుచేశాక అర్థం కన్నా ముందు తీరును చూడండి. ఉపేక్షించడం అన్న క్రియ చాలాసార్లు వ్యతిరేకంలోనో, ‘అలా అయితే ఇలా’ అనే షరతులోనో కనిపిస్తుంది. ఉపేక్షించం, ఉపేక్షించకండి, ఉపేక్షించరాదు, ఉపేక్షిస్తే ముదురుతుంది. ‘నేను రోజూ ఉపేక్షిస్తాను’ అని తన గురించి తాను చెప్పుకునేవాళ్లు దాదాపు కనిపించరు. కర్మ ‘ను, ని’తో వస్తుంది: జ్వరాన్ని ఉపేక్షించడం. నామవాచకంగా వస్తే ‘విషయంలో’ తోడవుతుంది: భద్రత విషయంలో ఉపేక్ష తగదు. ‘జ్వరానికి ఉపేక్షించాడు’ అన్న వాక్యం చెవికి వెంటనే తప్పుగా వినిపిస్తుంది.

ఎవరు అంటున్నారో కూడా చూడండి. ‘ఉపేక్షించం’ అనేది అధికారం చేతిలో ఉన్నవాళ్ల మాట. అధికారి, మంత్రి, న్యాయమూర్తి. అదే సందర్భంలో అధికారం లేనివాళ్లు ‘చూస్తూ ఊరుకోం’ అంటారు. అర్థం ఒకటే, కానీ మొదటిది పైనుంచి కిందికి వచ్చే హెచ్చరిక, రెండోది ఎక్కువగా కిందినుంచి పైకి లేచే నిరసన. కథ రాసేవాళ్లకు ఈ తేడా ప్రాణం లాంటిది. ధర్నాలో కూర్చున్న మనిషి నోట ‘ఉపేక్షించం’ అనిపిస్తే ఆ పాత్ర అక్కడే కృత్రిమంగా తయారవుతుంది.

ఏడో మెట్టు: పక్క పదాన్ని పెట్టి చూడండి

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పే మెట్టు ఇది. కొత్త పదం ఉన్న వాక్యంలో దాని దగ్గరి పదాన్ని పెట్టండి. తర్వాత దగ్గరి పదం ఉన్న వాక్యంలో కొత్త పదాన్ని పెట్టండి. ఎక్కడ వాక్యం విరుగుతుందో అక్కడే పదం హద్దు ఉంది.

ముందు ‘నిర్లక్ష్యం’. ‘డ్రైవర్ నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది’ అన్నది రోజూ వినే వాక్యం. ‘డ్రైవర్ ఉపేక్ష వల్ల’ అంటే అర్థం మారిపోతుంది. నిర్లక్ష్యం చేస్తున్న పని మీద మనసు పెట్టకపోవడం. ఉపేక్ష ఎదురుగా ఉన్న సమస్యను చూసి కూడా ముట్టుకోకపోవడం. బ్రేకులు పాడయ్యాయని చెప్పినా యజమాని బండిని రోడ్డెక్కించాడనుకోండి, ‘యజమాని ఉపేక్ష’ అనవచ్చు. ఇంకో తేడా ఉంది. నిర్లక్ష్యంలో తృణీకారం కూడా పలుకుతుంది: ‘నిర్లక్ష్యంగా ఒక చూపు చూసి వెళ్లిపోయాడు’. ‘ఉపేక్షగా ఒక చూపు చూశాడు’ అంటే ఆ పొగరు రాదు.

‘అశ్రద్ధ’ ఇంట్లో మాట. ‘ఒంటి మీద మరీ అశ్రద్ధ అమ్మా నీకు’ అని కూతురు అంటుంది. ఆ మాటలో ప్రేమ ఉంది. ‘ఆరోగ్యాన్ని ఉపేక్షిస్తున్నావు’ అంటే డాక్టర్ రాసిన వ్యాసంలా ఉంటుంది. ఇంట్లో ఉపేక్ష పనిని ‘పట్టించుకోకపోవడం’, ‘చూసీచూడనట్టు వదిలేయడం’ చేస్తాయి. వీటిలో కూడా చూసీచూడనట్టు అన్నప్పుడు చూడనట్టు నటించడం కలుస్తుంది, కొంచెం దయ కూడా కలుస్తుంది. పిల్లల చిన్న తప్పులను పెద్దవాళ్లు చూసీచూడనట్టు వదిలేస్తారు. అక్కడ ‘ఉపేక్షిస్తారు’ అంటే ఆ తప్పు పెరిగి పెద్దదవుతుందన్న భయం వాక్యంలోకి వచ్చేస్తుంది.

‘అలసత్వం’ ఊరుకోవడమంత నిర్ణయం కూడా కాదు, పని నెమ్మదిగా, వదులుగా జరగడం. ‘ఉదాసీనత’లో మనసే లేదు. ఏ పక్షమూ పట్టకుండా దూరంగా కూర్చోవడం దాని మూలం. ‘విస్మరించడం’ గుర్తులోంచే తీసేయడం. ‘ఇచ్చిన హామీలను విస్మరించారు’ బాగుంది. ‘హామీలను ఉపేక్షించారు’ అతకదు, ఎందుకంటే హామీ వదిలేస్తే పెరిగే చెడు కాదు, మరుగునపడిపోయే మంచి.

‘క్షమించడం’తో కూడా పోల్చి చూడండి. క్షమించినవాడు తప్పును తప్పు అని ఒప్పించి, దాన్ని అక్కడితో ముగిస్తాడు. ఉపేక్షించినవాడు దేన్నీ ముగించడు. తప్పు అలాగే కొనసాగుతుంది.

ఇంత దూరం వచ్చాక అర్థాన్ని మన మాటల్లో రాయగలం. ఉపేక్ష అంటే ఒక చెడు తన కళ్లముందే ఉందని తెలిసి, దాని విషయంలో ఏదో ఒకటి చేయగలిగి ఉండి కూడా కలగజేసుకోకుండా ఉండటం. తెలియడం, చేయగలగడం, చేయకపోవడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఇంకో పదం వెతుక్కోవాలి.

ఎనిమిదో మెట్టు: ప్రత్యేక రంగంలో పదం ఏమవుతుందో చూడండి

ఇప్పుడు ధ్యానం వ్యాసంలోని వాక్యానికి తిరిగి వెళ్దాం. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో 33వ సూత్రం మనసు నిర్మలంగా ఉండటానికి నాలుగు భావాలు చెబుతుంది. సుఖంగా ఉన్నవారిపట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవారిపట్ల కరుణ, పుణ్యం చేసేవారిపట్ల ముదిత అంటే సంతోషం, పాపం చేసేవారిపట్ల ఉపేక్ష. బౌద్ధంలో కూడా ఇవే నాలుగు బ్రహ్మవిహారాలు. పాళీలో నాలుగోదాన్ని ఉపేక్ఖా అంటారు.

పని అదే. చెడు కళ్లముందు ఉంది, కలగజేసుకోవడం లేదు. కానీ ఇక్కడ కాపాడాల్సింది సాధకుడి మనసు. ఎదుటివాడి పాపం చూసి కోపంతో రగిలితే పెరిగేది ఆ కోపమే. కాబట్టి చూడాలి, చూసి కదలకుండా ఉండాలి. అధికారిలో తప్పయిన పని సాధకుడిలో గుణం అయింది. పదం మారలేదు, ఆ మనిషి బాధ్యత మారింది. అయిదో శతాబ్దపు బౌద్ధాచార్యుడు బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గం అనే పాళీ గ్రంథంలో మరింత లోతుకు వెళ్లాడు. ఉపేక్షకు దగ్గరి శత్రువు అజ్ఞానంతో కూడిన ఉపేక్ష అన్నాడు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకదానిలో ఎరుక ఉంది, ఇంకోదానిలో లేదు. మనం వాక్యాలు మార్చి చూసి పట్టుకున్న ‘తెలియడం’ అన్న షరతు ఇక్కడ కూడా అంతే గట్టిగా నిలబడింది.

రాజనీతిలోకి వెళ్తే మూడో ముఖం. సామ, దాన, భేద, దండాలు అందరికీ తెలుసు. కామందకుడి నీతిసారం వాటికి మాయ, ఉపేక్ష, ఇంద్రజాలం చేర్చి ఏడు ఉపాయాలు చెబుతుంది. అంటే కావాలనే కలగజేసుకోకుండా ఊరుకోవడం రాజు చేతిలో ఒక ఎత్తుగడ. చారిత్రక నవలలో ‘మంత్రి ఉపేక్షనే ఆశ్రయించాడు’ అని వస్తే ఆయన సోమరి అనుకోకూడదు.

ఏ పదానికైనా ఈ మెట్టు దగ్గర ఒకటే పని. పుస్తకం ఏ రంగానిదో గుర్తించి, ఆ రంగంలో పదానికి ప్రత్యేకమైన అర్థం ఉందేమో అడగాలి. చట్టం, వైద్యం, తర్కం, సంగీతం, వ్యాకరణం ఇలాంటి రంగాల్లో మామూలు పదాలకే ప్రత్యేకార్థాలు ఎక్కువ.

తొమ్మిదో మెట్టు: నోట్స్ రాసుకోండి, వాడండి

నోట్‌బుక్‌లో పదం ఎదురుగా ఒక్క అర్థం రాసుకుంటే పరీక్షకు సరిపోతుందేమో, వాడటానికి సరిపోదు. ‘ఉపేక్ష’కు నేనైతే ఇలా రాసుకుంటాను:

ఉపేక్ష (నామం), ఉపేక్షించు (క్రియ, దేన్ని?)
తెలిసీ, చేయగలిగీ కలగజేసుకోకపోవడం.
తోడు వచ్చేవి: వ్యాధి, హెచ్చరిక, అక్రమం, తప్పు, శత్రువు.
తరచు రూపం: ఉపేక్షించరాదు, ఉపేక్షించేది లేదు, ఉపేక్షిస్తే.
స్థాయి: రాతలో, ఉపన్యాసంలో. ఇంట్లో: పట్టించుకోకపోవడం.
కాదు: డ్రైవర్ నిర్లక్ష్యం, హామీల విస్మరణ.
యోగం, బౌద్ధం: సద్గుణం. రాజనీతి: ఉపాయం.
జాగ్రత్త: అపేక్ష (కోరిక), ఆపేక్ష (ఆప్యాయత).

‘కాదు’ అన్న వరుస తప్పకుండా ఉండాలి. పదం ఎక్కడ వాడకూడదో రాసుకున్నవాళ్లు దాన్ని తప్పుగా వాడటం చాలా అరుదు.

రాసుకున్నదాన్ని మర్నాడు, వారానికి, నెలకు ఒకసారి చూడండి. ఒకేరోజు ఇరవైసార్లు చదవడం కన్నా విడివిడిగా నాలుగుసార్లు చూడటం ఎక్కువ నిలుస్తుంది. జ్ఞాపకం ఎలా కరిగిపోతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని ప్రచురించిన సంవత్సరం 1885. మన శబ్దరత్నాకరం వచ్చిన సంవత్సరమూ అదే. చూసేటప్పుడు అర్థాన్ని చేత్తో మూసి, ముందు మీరు చెప్పండి, తర్వాత తీసి చూడండి.

వాడటం మొదలుపెట్టినప్పుడు మూడు వాక్యాలు రాయండి. ఒకటి మీరు చదివిన వాక్యానికి దగ్గరగా ఉండాలి. రెండోది మీకు బాగా తెలిసిన విషయం గురించి ఉండాలి: ‘కంప్యూటర్ పదేపదే ఇస్తున్న హెచ్చరికను ఉపేక్షించడంతో ఫైళ్లన్నీ పోయాయి.’ మూడోది పదాన్ని దాని జంటపదం పక్కన నిలబెట్టాలి: ‘మొదటిసారి జరిగింది నిర్లక్ష్యం, చెప్పాక కూడా జరిగింది ఉపేక్ష.’ ఈ మూడో రకం వాక్యం రాయగలిగితే పదం మీకు వచ్చినట్టే.

తర్వాత పైకి చదవండి. తెలుగు బాగా మాట్లాడే ఒకరికి వినిపించి, ‘ఇది సరైనదా?’ అని కాకుండా ‘ఇదే విషయం మీరైతే ఎలా అంటారు?’ అని అడగండి. మొదటి ప్రశ్నకు మర్యాద కోసం అవునంటారు. రెండో ప్రశ్నకు వాళ్ల నోట సహజంగా వచ్చే మాట వస్తుంది. శ్లోకంలో చెప్పిన ఆప్తవాక్యం, వ్యవహారం రెండూ ఒకేసారి దొరుకుతాయి.

కొత్తగా నేర్చిన పదాన్ని ప్రతి పేరాలో దూర్చాలన్న ఉత్సాహం వస్తుంది. సందర్భం అడిగినప్పుడే వాడండి. స్నేహితుడికి పంపే మెసేజ్‌లో ‘నా ఫోన్ కాల్స్ ఉపేక్షిస్తున్నావు’ అని రాస్తే అతను కంగారుపడతాడు. ‘ఫోన్ ఎత్తడం లేదేంట్రా’ అన్నదే అక్కడ సరైన తెలుగు.

మీ నోట్స్‌లో పదం కింద నాలుగు వరుసలు ఖాళీగా వదిలేయండి. మళ్లీ ఎప్పుడో ఒక కథలోనో, తీర్పులోనో, పద్యంలోనో అది కొత్త తోడుతో కనిపిస్తుంది. ఆ వాక్యాన్ని, ఎక్కడ చూశారో ఆ వివరంతో సహా అక్కడ రాసుకోండి. అది పైన రాసుకున్న అర్థంలో ఇమడకపోతే అర్థాన్నే సరిదిద్దండి.